ఏ బండికి నంబరు ప్లేటు అక్కర్లేదు?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. హైటెక్ సిటీలోని ఆఫీసుకు వెళ్లిరావడానికి ఈమధ్యే తక్కువ వేగం ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాను. దీనికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదని దుకాణంలో చెప్పారు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి మరీ మెల్లగా పోతోందంటే, ఒక వైరు తీసేస్తే 45 వరకు లాగుతుందని మెకానిక్ అంటున్నాడు. సాయంత్రం ట్యూషన్‌కు పదహారేళ్ల మా అబ్బాయి కూడా దీని మీదే వెళ్తాడు. వైరు తీయించవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తీయించకండి. దుకాణంలో చెప్పినది నిజమే కానీ, అది బండి ఇప్పుడున్న స్థితికి మాత్రమే వర్తిస్తుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, మోటారు 30 నిమిషాల పాటు నిలకడగా ఇవ్వగల శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ఆమోదం ఉన్న బ్యాటరీ ద్విచక్ర వాహనాన్ని అసలు మోటారు వాహనంగా లెక్కించరు. లైసెన్సు, రిజిస్ట్రేషన్, థర్డ్ పార్టీ బీమా (మీ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి చేయించే బీమా) మిమ్మల్ని అడగకపోవడానికి ఆధారం ఇదే. ఆ ఆమోద పత్రం నకలును దుకాణం నుంచి తీసుకుని ఫోన్‌లో ఉంచుకుంటే, పోలీసులు ఆపినప్పుడు వాదన పెట్టుకునే అవసరం ఉండదు.

మెకానిక్ చెప్పే వైరు సాధారణంగా కంట్రోలర్ (మోటారు వేగాన్ని అదుపు చేసే పెట్టె) దగ్గర చిన్న ప్లాస్టిక్ కనెక్టర్‌తో కలిపి ఉంటుంది. దాన్ని విడదీయడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషంలో మీ స్కూటర్ చట్టం దృష్టిలో రిజిస్ట్రేషన్, బీమా లేని మోటారు వాహనమైపోతుంది. మీ అబ్బాయి సంగతి ఇంకా ఇబ్బందికరం: 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 199ఎ సెక్షన్ ప్రకారం, మైనర్ మోటారు వాహనం నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా యజమానికి 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

చట్టం మాట పక్కన పెట్టినా, 25కు తగినట్లు అమర్చిన బ్రేకులు 45కు సరిపోతాయని అనుకోకూడదు. వేగం 25 నుంచి 45కు పెరిగితే బ్రేకు వేశాక బండి ఆగడానికి పట్టే దూరం మూడింతలు దాటుతుంది. జేఎన్‌టీయూ దగ్గర బస్సు ఉన్నట్టుండి ఆగినప్పుడు ఆ తేడా ఎంతో తెలుస్తుంది.

ఫ్లైఓవర్ మీద ఎడమ అంచునే వెళ్లండి, టైర్లలో గాలి తగ్గకుండా చూసుకోండి, వీలున్నచోట కింది రోడ్డునే వాడండి. నిజంగా వేగమే కావాలంటే ఆకుపచ్చ ప్లేటు మీద తెల్ల అంకెలు ఉండే, రిజిస్టరైన స్కూటర్ కొనడమే మార్గం. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించింది. ఆ వెసులుబాటు 2026 డిసెంబరు ఆఖరు వరకు. అయితే ఆ స్కూటర్‌ను మీ అబ్బాయికి ఇవ్వకూడదు.

ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్‌ను మాత్రం ఈ చిన్న బండి మీద కూడా ఇద్దరూ పెట్టుకోండి. పైగా దీనికి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి కాదు కనుక, ఎవరికైనా తగిలితే పరిహారం మీ జేబు నుంచే ఇవ్వవలసి రావచ్చు.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ప్లగ్ ఇవ్వలేదు. రెండో అంతస్తు కిటికీ నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు వేలాడదీసి నా ఎలక్ట్రిక్ స్కూటర్‌కు రాత్రంతా ఛార్జింగ్ పెడుతున్నాను. ఫర్వాలేదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఫర్వాలేదని చెప్పలేను. సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు గంటల తరబడి లోడు మోస్తే వేడెక్కుతుంది, వాన పడితే షాకు భయం తోడవుతుంది. సొంత విద్యుత్ కనెక్షన్‌తో ఇంటి దగ్గరే ఛార్జింగ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి కనుక, మీ మీటరు నుంచి ఎర్తింగ్‌తో, ఎంసీబీతో (లోడు మించితే కరెంటును తనంతట తానే ఆపేసే స్విచ్చి) విడిగా లైను వేయించుకుంటామని సంఘానికి రాసివ్వండి. లైను లిఫ్టు, మెట్ల పక్కన కాకుండా గాలి ఆడే మూలకు వేయించండి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం ఉన్న భవనంలో మంటలు లేస్తే, పొగ మెట్ల మీదుగా పైకి వెళ్లి, లాడ్జిలో ఉన్నవారిలో 8 మంది చనిపోయారు. ఆ లైను వచ్చేదాకా, బండి తిప్పి వచ్చాక బ్యాటరీ చల్లబడనిచ్చి, కంపెనీ ఛార్జర్‌తోనే, మీరు మేలుకొని ఉన్న వేళలోనే ఛార్జింగ్ పెట్టండి.