టెక్ సందేహాలు: ఎండలో పరుగు, వాచీలో తరుగు

ప్రశ్న: ఐదు వేల మీటర్లను 25 నిమిషాల్లో ముగించాలని సాధన చేస్తున్నాను. వేసవి మొదలయ్యాక నా స్మార్ట్‌వాచీ వీఓటూ మ్యాక్స్‌ను (ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ కొలతను) 46 నుంచి 43కు తగ్గించి చూపుతోంది. ట్రాక్‌పై రెండో లేన్‌లో పది చుట్లు పరుగెత్తితే 4.15 కిలోమీటర్లు అంటోంది. వాచీ మార్చాలా? పెద్ద పోటీల్లో ట్రాక్ అంచున పరుగెత్తే లైట్ల వంటి సదుపాయం వాచీలో ఉంటుందా?

జవాబు: వాచీ మార్చనక్కర్లేదు. వీఓటూ మ్యాక్స్‌ను ప్రయోగశాలలో ముఖానికి మాస్కు తగిలించి, పీల్చి వదిలే గాలిని బట్టి కొలుస్తారు. వాచీకి ఆ వీలు లేదు కనుక, మీరు ఎంత వేగంతో వెళ్తున్నారో, ఆ వేగానికి గుండె ఎంత కొట్టుకుంటోందో పోల్చి ఒక అంచనా కడుతుంది. ఎండలో ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మంవైపు మళ్లుతుంది, చెమట వల్ల దాని పరిమాణమూ కొంత తగ్గుతుంది. అందువల్ల అదే వేగానికి గుండె మరింత ఎక్కువసార్లు కొట్టుకోక తప్పదు. ఉష్ణోగ్రతను లెక్కలోకి తీసుకోని వాచీ దీన్ని మీ దారుఢ్యం తగ్గడంగా భావిస్తుంది. కొన్ని మోడళ్లు ఫోన్ నుంచి వాతావరణ సమాచారం తీసుకుని ఈ తేడాను సర్దుతాయి, కాబట్టి పరుగుకు ముందు ఫోన్‌తో సింక్ చేయండి. ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది. అంతవరకు ఆ అంకెను చూడకపోవడమే మేలని నా అభిప్రాయం.

ఒక్క అనుమానం మాత్రం తీర్చుకోండి. మణికట్టు దగ్గరి పచ్చని కాంతి సెన్సర్, పట్టీ వదులుగా ఉంటే, నాడికి బదులు అడుగుల లయను లెక్కించే ప్రమాదముంది. తేలిగ్గా పరుగెత్తుతున్నా గుండె వేగం 170 దాటి అక్కడే నిలిచిపోతే, అది మీ అడుగుల సంఖ్య కావచ్చు. పట్టీ బిగించినా మారకపోతే గుండె వేగాన్ని కొలిచే ఛాతీ పట్టీ వాడండి.

దూరం విషయంలో తప్పంతా వాచీది కాదు. ఒకటో లేన్ చుట్టు 400 మీటర్లైతే, రెండో లేన్ చుట్టు సుమారు 407 మీటర్లు. అంటే మీరు అదనమనుకుంటున్న 150 మీటర్లలో 70 మీరు నిజంగా పరుగెత్తినవే! మిగిలినది మలుపుల్లో జీపీఎస్ తడబాటు. మీ వాచీలో ట్రాక్ రన్ మోడ్ ఉంటే లేన్ సంఖ్య ఎంచుకోండి, లేకుంటే చుట్టు చుట్టుకూ ల్యాప్ బటన్ నొక్కండి.

ఇక లైట్లు. వేవ్‌లైట్ అనే ఆ ఏర్పాటులో, ముందే నిర్ణయించిన వేగంతో ట్రాక్ లోపలి అంచు వెంట దీపాలు వరుసగా వెలుగుతాయి. 2020 ఆగస్టు 14న మొనాకోలో ఉగాండా క్రీడాకారుడు జాషువా చెప్టెగెయ్ వాటి తోడుతోనే 5000 మీటర్లను 12 నిమిషాల 35.36 సెకన్లలో ముగించి, కెనెనిసా బెకెలె 2004లో నెలకొల్పిన ప్రపంచ రికార్డును చెరిపేశాడు. అది చుట్టుకు సగటున 60.4 సెకన్లు. మీ లక్ష్యానికి అంతే సమయంలో సగం చుట్టు పూర్తి చేస్తే చాలు. కాబట్టి దూరాన్ని బట్టి కాక, ప్రతి 60 సెకన్లకు వాచీ కంపించేలా అలర్ట్ పెట్టుకుని, ఒకటో లేన్‌లో పరుగెత్తుతూ, కంపించిన ప్రతిసారీ 200 మీటర్ల గుర్తు దగ్గరో, ముగింపు గీత దగ్గరో ఉన్నారేమో చూసుకోండి. ఇందులో జీపీఎస్‌తో పనే లేదు. ఎండ మండే రోజున ఆ వ్యవధిని 62, 63 సెకన్లకు పెంచుకోండి.