ఫిబ్రవరి నెల లెక్కల ప్రాజెక్టు: పిల్లల చేత ఏం చేయించాలి?

సందేహం: మేము ఈమధ్యే అమెరికా వచ్చాము. బ్లాక్ హిస్టరీ మంత్ (నల్లజాతివారి చరిత్రను స్మరించుకొనే నెల) సందర్భంగా నాలుగో తరగతి చదువుతున్న మా పాపను లెక్కల ప్రాజెక్టు చేసి తెమ్మన్నారు. మాకు ఆ చరిత్ర అంతగా తెలియదు. ఎలా చేయించాలి?

సమాధానం: ఇది మనకు సంబంధించని చరిత్ర అనుకొని, నెట్‌లో దొరికిన ఫోటోలు అట్టకు అంటించి పంపేయకండి. నల్లజాతివారి పౌరహక్కుల పోరాటం ఈ దేశాన్ని కదిలించిన రోజుల్లోనే 1965 వలస చట్టం వచ్చి, దేశాలవారీగా ఉన్న పాత కోటాలు రద్దయి, మనవాళ్ళు రావడానికి దారి ఏర్పడింది.

అలబామాలోని జీస్ బెండ్ అనే ఊళ్ళో నల్లజాతి స్త్రీలు పాత పనిబట్టల ముక్కలతో కుట్టిన బొంతలు నేడు మ్యూజియాలలో ఉన్నాయి. 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు కూడా వచ్చాయి. చిరిగిన చీరలతో మన అమ్మమ్మలు కుట్టిన బొంతల వంటివే ఇవి. వాటిలో ‘హౌస్‌టాప్’ అనే పద్ధతిలో నడుమ ఒక చదరం ఉంటుంది, దాని చుట్టూ పట్టీలు వరుసలుగా పేరుస్తారు. రంగు కాగితంతో 2 అంగుళాల చదరం కత్తిరించి, చుట్టూ అంగుళం వెడల్పు పట్టీలు అంటించమనండి. భుజం 2, 4, 6, 8 అంగుళాలుగా, వైశాల్యం 4, 16, 36, 64 చదరపు అంగుళాలుగా పెరుగుతాయి. అంటే కొత్తగా చేరిన కాగితం వరుసగా 12, 20, 28. ప్రతిసారీ 8 ఎందుకు ఎక్కువవుతోందో మీరు చెప్పకండి. మూలల్లో ఏం జరుగుతోందో పాపనే చూసి కనిపెట్టనివ్వండి.

ఇంకాస్త పెద్ద పిల్లలుంటే నల్లజాతి గణితజ్ఞుడు బెంజమిన్ బానెకర్‌ను ఎంచుకోండి. 1731లో మేరీలాండ్‌లో పుట్టిన ఆయన యువకుడిగా ఉన్నప్పుడే చెక్కతో పళ్ళచక్రాలు చెక్కి గంటలు కొట్టే గడియారం తయారుచేశారు. 8 పళ్ళ అట్టచక్రంతో 24 పళ్ళ చక్రాన్ని తిప్పిస్తే వేగం మూడో వంతవుతుంది. ఆ పెద్ద చక్రపు ఇరుసుకే మరో 8 పళ్ళ చక్రం బిగించి, దానితో 32 పళ్ళ చక్రాన్ని తిప్పిస్తే పన్నెండో వంతవుతుంది. గడియారంలో నిమిషాల ముల్లుకూ గంటల ముల్లుకూ ఉండే నిష్పత్తి అదే.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. 1962లో జాన్ గ్లెన్ అంతరిక్షయాత్రకు ముందు కంప్యూటర్ ఇచ్చిన లెక్కలను సరిచూసిన నాసా నల్లజాతి గణితజ్ఞురాలు కేథరిన్ జాన్సన్ వేషం వేయించాలనిపిస్తే కళ్ళజోడు, నోటుపుస్తకం చాలు. ఫ్యాన్సీ డ్రెస్ అలవాటు కొద్దీ ముఖానికి నల్లరంగు మాత్రం పూయకండి, ఇక్కడ అది ఘోరమైన అవమానం. అలాగే బానిసలను, వారి దెబ్బలను అంకెలుగా మార్చి కూడమనే ప్రశ్నలు తయారుచేయకండి. అటువంటిది బడి నుంచే వస్తే, టీచరుకు మర్యాదగా ఈమెయిలు రాయడానికి వెనుకాడకండి.