ఆర్ద్రను కొలవడానికి పోలిక నక్షత్రంగా దేన్ని పెట్టుకోవాలి?

శ్రీకాకుళంలో డాబా మీద నుంచి డీఎస్‌ఎల్‌ఆర్‌తో ఆర్ద్ర (బీటిల్‌జూస్) వెలుగు కొలుస్తున్నాను, పోలికకు ఏ నక్షత్రం మంచిది అని అడిగారు.

నేనైతే రోహిణిని (అల్డెబరాన్) తీసుకుంటాను. దాని మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె తగ్గితే వెలుగు ఎక్కువ) సుమారు 0.9, ఆర్ద్రకు దగ్గరే. అంతకన్నా ముఖ్యం రంగు. ఎర్రటి ఆర్ద్రను నీలి తెలుపు రైజెల్‌తో పోలిస్తే కెమెరా ఫిల్టరు రెండింటినీ ఒకేలా చూడదు, లెక్క తప్పుతుంది. రోహిణి కూడా కొంచెం మారుతుంది కాబట్టి, సరిచూసుకోవడానికి పునర్వసులోని పొలక్స్‌ను (1.1) కూడా కొలవండి.

అసలు చిక్కు ఆకాశంలో వాటి ఎత్తుతోనే. ఆర్ద్రకూ రోహిణికీ మధ్య 20 డిగ్రీల పైనే దూరం. డిసెంబర్ సాయంత్రం ఆర్ద్ర తూర్పున సముద్రం మీది తేమలోంచి పైకి వస్తుంటే, రోహిణి అప్పటికే పైన శుభ్రమైన గాలిలో ఉంటుంది. ఆర్ద్ర ఉన్నదానికన్నా మసకగా కనిపిస్తుంది. (నేనూ ఒకసారి ఇలాగే మోసపోయి, ‘2019-20లోలా మళ్లీ మసకబారింది’ అని సంబరపడ్డాను!) ఫిబ్రవరి మొదట్లో రాత్రి 8, 9 గంటలకైతే రెండూ దాదాపు నడినెత్తిన ఉంటాయి.

ఫోకస్ కాస్త చెదరగొట్టి రా (RAW) ఫైలుగా తీయండి; ఫోకస్ చెదరగొట్టకపోతే పిక్సెళ్లు వెలుగుతో నిండిపోయి కొలత తప్పుతుంది. టెలిస్కోపుతో మసక నక్షత్రాలు కొలిచేటప్పుడు మాత్రం ఏఏవీఎస్‌వో (వెలుగు మారే నక్షత్రాలను గమనించేవారి అమెరికన్ సంఘం) చార్టులో అదే ఫ్రేములో పడే పోలిక నక్షత్రాలే వాడండి.