కొత్త ఫైబర్ పూల్‌లో గీతలు, చిన్న పెచ్చు: ఖాళీ చేయకుండానే సరిచేయొచ్చు

కొత్త ఫైబర్ స్విమ్మింగ్ పూల్ తొట్టిని క్రేన్‌తో దించేటప్పుడు గోడ మీద గీతలు పడ్డాయి, పై మెట్టు అంచున రూపాయి బిళ్లంత పెచ్చు లేచింది, పూల్ ఖాళీ చేసి బాగుచేయాలా అని అడిగారు. దయచేసి ఖాళీ చేయకండి. ముఖ్యంగా వానాకాలంలో అసలు వద్దు. లోపల నీళ్ల బరువు లేకపోతే బయట నేలలో ఊరిన నీరు తొట్టిని పైకి ఎత్తేస్తుంది, లేదా గోడలు లోపలికి ఉబ్బుతాయి. పెచ్చు లేచింది పై మెట్టు దగ్గరే కాబట్టి నీటిమట్టం దాని కిందికి దించితే చాలు.

మొయినాబాద్ దగ్గర మా బావగారి ఫామ్‌హౌస్ పూల్‌కి గొలుసు రాసుకుని ఇలాగే అయింది. అప్పుడు ఫైబర్ పనివాడితో కలిసి నేనే చేశాను.

పైన కనిపించే రంగు పొరే జెల్‌కోట్. మందం దాదాపు అర మిల్లీమీటరు నుంచి ముప్పావు మిల్లీమీటరు ఉంటుంది. గీత మీద గోరు అడ్డంగా లాగండి. గోరుకి తగలకపోతే 1000, ఆ తర్వాత 1500 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి వాడే గరుకు కాగితం) తడిపి రుద్ది, కార్లకు వాడే రబ్బింగ్ కాంపౌండ్ పట్టిస్తే పోతుంది. తగిలితే జెల్‌కోట్ నింపాలి. పెచ్చులో గాజు నారలు బయటపడినా, పగుళ్లు సాలెగూడులా పాకుతున్నా, నొక్కితే మెత్తగా దిగుతున్నా మీరు చేయి పెట్టకండి, అమ్మినవాళ్లనే పిలవండి. దెబ్బ చిన్నదైనా సరే, ముందు ఫొటోలు తీసి వాళ్లకు రాతపూర్వకంగా పంపండి. వారంటీ పోగొట్టుకోవద్దు.

మీ పూల్‌కి వాడిన జెల్‌కోట్‌నే కొంచెం ఇమ్మని వాళ్లను గట్టిగా అడగండి. బయట కలిపించిన రంగు ఎంత దగ్గరగా ఉన్నా ఎండలో తేడా తెలిసిపోతుంది. చాలామంది ఎం-సీల్ గానీ కారు పుట్టీ గానీ పూసేస్తారు. కారు పుట్టీ నీళ్లు పీల్చుకుంటుంది. ఎం-సీల్ ఎపాక్సీ కాబట్టి తర్వాత దాని మీద జెల్‌కోట్ సరిగా పట్టదు.

పెచ్చు అంచుల్లో వదులుగా ఉన్నది గీకేసి, 80 నంబరు పేపర్‌తో గరుకు చేసి, బాగా ఆరాక అసిటోన్‌తో తుడవండి. తడి ఉంటే పని వృథా. 100 గ్రాముల జెల్‌కోట్‌కి హార్డెనర్ (దాన్ని గట్టిపరిచే రసాయనం) ఒకటి నుంచి రెండు గ్రాములు. మన ఎండలకు ఒకటే నయం, లేకపోతే గిన్నెలోనే గడ్డకడుతుంది. కోబాల్ట్ యాక్సిలరేటర్ (త్వరగా గట్టిపడేలా చేసే ద్రవం) విడిగా ఇస్తే దాన్ని ముందే జెల్‌కోట్‌లో కలిపేయాలి. హార్డెనర్‌తో నేరుగా కలిపితే మంట లేస్తుంది, పేలొచ్చు కూడా. హార్డెనర్ కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది కాబట్టి కళ్లద్దాలు, గ్లవ్స్, మాస్క్ లేకుండా మొదలుపెట్టకండి.

చుట్టూ ఉన్న మట్టం కన్నా కాస్త ఎత్తుగా నింపి, పైన పారదర్శక ప్లాస్టిక్ షీటు గాలి బుడగలు లేకుండా అంటించి, టేపు వేయండి. గాలి తగిలితే మామూలు జెల్‌కోట్ పైపొర జిగటగానే ఉండిపోతుంది. మర్నాడు షీటు తీసి 400, 600, 800, 1200 వరుసలో తడిపేపర్ పట్టండి. 400 దగ్గర తొందరపడితే పక్కనున్న మంచి జెల్‌కోట్ పలచబడిపోతుంది, అందుకే చుట్టూ టేపు వేసుకుని మెల్లగా చేయండి. చివర కాంపౌండ్ పట్టించి, ఇంకో రోజు ఆగి నీటిమట్టం పెంచండి.

మీకు చేయి తిరగదనిపిస్తే ఫైబర్ పని చేసే షాపుల్లో అడగండి. కోస్తాలో ఉంటే విశాఖ, కాకినాడ వైపు ఫైబర్ బోట్లు రిపేరు చేసేవాళ్లకు ఇది రోజూ చేసే పనే.