తాగుడు మానాలనుకునేవాళ్ళకు తోడు నిలవాలంటే

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లాల సిరోంచ దగ్గర పల్లె. మా అన్న తాగుడుతోని లివర్ చెడిపోయి పోయిండు. అప్పటి సంది ఊళ్ళె తాగుడు మానాలనుకునేటోళ్ళకు నాకు చేతనైన సాయం చేస్తున్న. ఒకతను రెండు నెలలు మానేసి మళ్ళ మొదలుపెట్టిండు. నడిరాత్రి ఫోన్ చేసి ఏడుస్తడు, పైసలడుగుతడు. కూరల కలుపుత, మందుబిళ్ళలు తెచ్చియ్యమని అతని భార్య నన్ను బతిమాలుతున్నది. ‘ఊరి తాగుబోతులందరు నీకే దొరికిన్రా’ అని మా ఆయన కోపానికొస్తుండు. మా అన్నను కాపాడుకోలేకపోయిన, ఇప్పుడు ఇతన్నీ కాపాడలేకపోతున్న. ఈ పని బందు పెట్టాల్నా?

జవాబు: ముందు ఆ బిళ్ళల సంగతి చెబుతానమ్మా. ఆ పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. చాలా ఇళ్ళలో ఇలా దొంగచాటుగా కలిపేది డైసల్ఫిరామ్ అనే తాగుడు మాన్పించే బిళ్ళ. అది ఒంట్లో ఉండగా మద్యం పడితే ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ఆఖరి బిళ్ళ వేసుకున్నాక రెండు వారాల దాకా ఈ ప్రమాదం ఉంటుంది. డాక్టరు పరీక్షించి, అతనికి అన్నీ చెప్పి, అతను సరేనన్నాకే ఇవ్వాల్సిన మందు అది. ఆమె ఎంత విసిగిపోయి అడిగిందో అర్థమవుతోంది. కానీ జరగరానిది జరిగితే ఆ భారం మీ ఇద్దరి మీదా పడుతుంది.

రోజూ బాగా తాగే మనిషిని గదిలో పెట్టి తాళం వేసి మాన్పిద్దామని చూడటం కూడా అంతే ప్రమాదం. మానిన కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత కొందరికి లేనివి కనిపిస్తాయి, ఒంటిమీద పురుగులు పాకుతున్నాయని దులుపుకుంటారు. అది గాలి సోకడం కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన జబ్బు.

ఇక మీ అన్నయ్య. ఇతను మళ్ళీ తాగిన ప్రతిసారీ మీకు అన్న మరోసారి పోయినట్టు ఉంటోంది. ఆ దుఃఖమే మిమ్మల్ని ఈ పనికి పురికొల్పింది, అందులో తప్పులేదు. కానీ ఇతను మీ అన్న కాదు. తాగుడు మానినవాళ్ళు మళ్ళీ జారడం, మళ్ళీ లేవడం ఈ జబ్బులో మామూలే. షుగరు మళ్ళీ పెరిగితే అది పక్కింటివాళ్ళ ఓటమి అనుకోం కదా! రెండు నెలలు మానగలిగాడు. ఆ రెండు నెలల్లో ఏం చేశాడో, ఏ రోజు జారాడో మెల్లగా అడగండి.

ఆ రోజులేవో మీ ఊళ్ళో చాలావరకు ముందే తెలుస్తాయి. జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉన్నా ఇప్పసారా దొరుకుతూనే ఉంది, గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం వైపు వైన్సులున్నాయి. తునికాకు డబ్బులు చేతికొచ్చే రోజు, పెళ్ళి, పొద్దుగూకే వేళ అతనికి గండాలు. ఆకు డబ్బులు నేరుగా భార్య ఖాతాలో పడేలా అతన్నే ఒప్పించండి. ఆ సాయంత్రం అతనికి ఇంట్లో వేడిగా ఇంత అన్నం, పక్కన కూర్చుని మాట్లాడే మనిషి ఉండాలి. నా దృష్టిలో వంద నీతిబోధలకన్నా ఇది మేలు. అక్కడ మీరే ఉండాలని లేదు, తాగుడు మానిన మరో మగమనిషైతే ఇంకా మంచిది.

మీ ఆయన కోపంలో న్యాయముంది. రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ ఎత్తనని అతనికి ముందే చెప్పండి. ఆ వేళకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం (టెలిమానస్) 14416 నంబరు ఇవ్వండి, తెలుగులోనూ మాట్లాడతారు. చేతికి డబ్బు ఇవ్వద్దు. పిల్లల ఫీజో, బియ్యమో నిజంగా అవసరమైతే అక్కడే కట్టేయండి. ఒంటరిగా ఎవరింటికీ వెళ్ళకండి, వీలైతే మీ ఆయన్నే తోడు రమ్మనండి. విన్న సంగతులు మాత్రం గడప దాటనివ్వకండి. పేరు బయటపడిందంటే ఆ మనిషి మళ్ళీ మీ ముఖం చూడడు.

కాబట్టి పని మానొద్దు, తగ్గించుకోండి. ఈ వారం అతని భార్యను వెంటబెట్టుకుని సిరోంచ గ్రామీణ ఆసుపత్రికి వెళ్ళండి. జిల్లాలో ముక్తిపథ్ వాళ్ళు కూడా వ్యసనాలకు చికిత్స అందిస్తున్నారు, మీ దగ్గర ఏ రోజు ఉంటారో అక్కడే కనుక్కోండి. అతను రానని మొండికేసినా ఆమెను ఆపకండి. అతను రోజుకెంత తాగుతున్నాడో, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయేమో డాక్టరుకు చెప్పగలిగేది ఆమే.