ఇద్దరు ఫాదర్ల కథ రాస్తున్న చెల్లెమ్మకు

చెల్లెమ్మా,

రాయగడ నుంచి నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. ఒకే క్యాథలిక్ విచారణలో (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతంలో) పెద్ద ఫాదర్ గారు, కొత్తగా వచ్చిన చిన్న ఫాదర్ గారు, మధ్యలో నలిగే జనం. నాకు నచ్చింది. కానీ పెద్దాయన ఛాందసుడనీ, చిన్నాయన అభ్యుదయవాది అనీ మొదటి పేజీలోనే తేల్చేశావు. ఇక చదవడానికి ఏం మిగిలింది?

ఒకసారి లెక్క చూడు. పెద్ద ఫాదర్‌కి 70 ఏళ్లు అన్నావు. లాటిన్‌లో పూజ చేసిన రోజులు తలుచుకుని కుమిలిపోతాడన్నావు. పూజ లాటిన్ నుంచి జనం భాషల్లోకి రావడానికి దారితీసిన బిషప్పుల సభ, రెండో వాటికన్ మహాసభ, 1962 నుంచి 1965 దాకా జరిగింది. కొత్త పూజాగ్రంథం 1970లో వచ్చేసింది. అప్పటికి ఆయన హైస్కూలు పిల్లవాడు. లాటిన్ జవాబులు బట్టీపట్టి పీఠం దగ్గర సాయం చేశాడేమో గానీ, ఆయనకు గురుపట్టం అంది ఫాదర్ అయ్యేసరికి అంతా మారిపోయింది. 1969లోనే మన దేశపు పూజలో హారతి, నేల మీద కూర్చోవడం లాంటి 12 పద్ధతులకు రోమ్ అనుమతి ఇచ్చింది. ఆ ఉత్సాహంలో సెమినరీలో, అంటే ఫాదర్ల శిక్షణ బడిలో, చదివిన తరం ఆయనది. హారతి పళ్లెం ఎత్తేది పెద్దాయనే కావచ్చు, నియమాల పుస్తకం తీసేది కుర్రాయన కావచ్చు. ఇలా రాయగలిగితే నీ కథ లేచి నిలబడుతుంది.

మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో అసలు టెన్షన్ భాషది. దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు! చిన్న ఫాదర్ ఒడియాలో చదువుకున్నవాడు. అవ్వ తెలుగులో పాపసంకీర్తనం చెప్పుకుంటే, అంటే తన పాపాలు ఫాదర్ దగ్గర ఒప్పుకుంటే, ఆయనకు సగమే తెలుస్తుంది. ఒడియా మీడియంలో చదివే ఆమె మనవడికేమో పెద్దాయన తెలుగు ప్రసంగం సగమే ఎక్కుతుంది. ఆదివారం ఏ పూజకు వెళ్లాలన్నది ఆ ఇంట్లో ఎలా తేలుతుంది? ఆ అవ్వ ఎంత కోల్పోతోందో, మనవడికి ఏం దొరికిందో రెండూ రాయి. ఎవరినీ తప్పు పట్టకు.

పాపసంకీర్తనంలో విన్న మాటను ఫాదర్ వంటమనిషితో అనే సన్నివేశం తీసెయ్. ఆ రహస్యం బయటపెట్టిన గురువుకు వెలి శిక్ష. అంత పెద్ద విషయాన్ని నవ్వులాటకు వాడకూడదు. ఇంకోటి, 75 నిండగానే విచారణ గురువు రాజీనామా సమర్పించాలని చర్చి చట్టం కోరుతుంది. పెద్దాయనకు ఇంకా ఐదేళ్లుంది. అది ఆయనకూ తెలుసు, ఊరికీ తెలుసు. కథలో ఎక్కడైనా తగలాలి కదా.

తిరగరాసి పంపు. ఈలోపు రెండు భాషల పూజలకూ వెళ్లు. పూజయ్యాక గుమ్మం దగ్గర ఎవరెవరు ఏ ఫాదర్ దగ్గర ఆగుతున్నారో, ఏం అడుగుతున్నారో రాసుకో.

అన్నయ్య,
పర్లాకిమిడి