లేహ్ వెళ్తున్న మేనకోడలికి

విశాఖపట్నం

చి. లావణ్యకు మామయ్య ఆశీస్సులు. కొండరాళ్లు జారిపడకుండా చూసే పనికి లేహ్ వెళ్తున్నావు కనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

మన సింహాచలం ఘాట్‌లో కొండచరియలంటే వానాకాలం మాట. ఇక్కడి ఖొండలైట్ అనే రాయి మెత్తబడి ఎర్రమట్టిలా తయారవుతుంది, తుఫాను వానకి జారుతుంది. లద్దాఖ్‌లో ఆ లెక్క ఒక్కటే చాలదమ్మా. అక్కడ మబ్బు లేని పొద్దుటిపూటని కూడా అనుమానించాలి, రాళ్లని కదిలించేది ఐసు కనుక.

నీరు గడ్డకడితే 9 శాతం ఉబ్బి రాయిని పగలగొడుతుందని చదువుకున్నావు. అది సగం సంగతే. రాతి రంధ్రాలు దాదాపు 91 శాతం నిండి, నీరు తప్పుకునే దారి లేకపోతేనే ఆ ఉబ్బు రాయిని తోస్తుంది. అంతకన్నా మొండిది ఇంకొకటుంది. రాయి లోపల సుమారు మైనస్ 3 నుంచి మైనస్ 8 డిగ్రీల మధ్య చాలాసేపు నిలిస్తే, గడ్డకట్టని పల్చటి నీటిపొర చుట్టూ నుంచి ఐసు వైపు పాకి దాన్ని లావు చేస్తూ పోతుంది. మరీ చలైతే ఆ పాకుడు మందగిస్తుంది. అందుకని రాత్రి ఉష్ణోగ్రత ఎంతకి పడిపోయిందని మాత్రమే రాసి ఊరుకోకు. సున్నాని ఎన్నిసార్లు దాటింది, ఆ మైనస్ 3, మైనస్ 8 మధ్యలో ఎన్ని గంటలుంది, అవీ రాసుకో. గాలిది కాదు, రాతిది కొలవాలి: 10 సెంటీమీటర్ల లోతున ఒక సెన్సర్, 50 దగ్గర ఇంకొకటి. ఎండ తగిలే దక్షిణపు ముఖానికి, ఉత్తరానికి వేర్వేరుగా.

పగులుకి అటూ ఇటూ స్టీలు పిన్నులు ఎపాక్సీ జిగురుతో బిగించి, వాటి మధ్య దూరం రోజూ ఒకే వేళకి వెర్నియర్ కొలబద్దతో కొలువు. చలికి కాస్త తెరుచుకుని వేడికి మూసుకోవడం మామూలే. వేసవికీ మూసుకోకుండా మిగిలిన అర మిల్లీమీటరుతోనే నీకు పని. పగులు అంచున తాజాగా విరిగిన తెల్లటి ముఖం, దాని కింద కొత్త రాతిపొడి కనిపిస్తే మాత్రం కొలతలదాకా ఆగకు, ముందు కింద మనుషుల్ని తప్పించు.

కొండలోని నీరు బయటికి పోవడానికి తొలిచే డ్రెయిన్ రంధ్రాలు లోపలికి 5 డిగ్రీలు ఎగువాలుగా ఉంటాయి. వసంతంలో వాటి మూతులు ఐసుతో బిగుసుకుని, పైన మంచు కరుగుతుంటే లోపల నీరు నిలుస్తుంది. 10 మీటర్లు నిలిస్తే అడుగున చదరపు మీటరుకి 10 టన్నుల తోపు. నీళ్లు పోయే దారి వదలకుండా షాట్‌క్రీట్ (రాతి మీద పిచికారీ చేసే కాంక్రీటు) కొట్టినా ఇదే గతి.

వదులు రాళ్లు దింపేటప్పుడు పైనుంచి కిందికి రండి, ఎండ రాతి ముఖం మీద పడకముందే ముగించండి. ఒక్క చిక్కుంది. తెల్లవారుజామున గునపంతో తడితే వదులు రాయి కూడా గట్టి రాయిలాగే ఖంగుమంటుంది, ఐసు అతికించి ఉంచుతుంది కనుక. ఆ ఐసు కరగక్కర్లేదు, మైనస్ 1 దగ్గరికి వచ్చేసరికే పట్టు సడలుతుంది. చలిలో తట్టి చూసిన రాళ్లకి సున్నంతో గుర్తు పెట్టి, ఐసంతా పోయిన ఆగస్టులో మళ్లీ తట్టి చూడు. అందాకా వాటిని వదులు రాళ్ల కిందే లెక్కకట్టు.

మామయ్య